తొలి అక్షరానికి తోడు

హైదరాబాదు నగరానికి వాయవ్య దిశలో ఉన్న బాచుపల్లి ఒకప్పుడు చిన్న పల్లె. 1998లో సైబర్ టవర్స్ భవనం ప్రారంభమై హైటెక్ సిటీకి పునాది పడిన తరువాత నగరం పడమటి దిక్కుకు వేగంగా పెరిగింది. ఆ పెరుగుదల మియాపూర్ దాటి బాచుపల్లిని చేరింది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు బాచుపల్లి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో మండల కేంద్రమయింది. 2017లో మెట్రో రైలు మియాపూర్ వరకు వచ్చింది. 2019లో ఏర్పడిన నిజాంపేట నగరపాలక సంస్థలో బాచుపల్లి కలిసింది. ఆకాశాన్నంటే నివాస భవనాలు, మందుల కర్మాగారాలు, ఇంజనీరింగు కళాశాలలు ఆ పల్లె రూపురేఖలను మార్చివేశాయి. వీటన్నిటికంటె ఎక్కువగా కంటబడేవి బడులు. ఉదయం ఎనిమిది గంటల వేళ ఆ దారిన వెళ్లేవారికి పసుపుపచ్చని బస్సులే బారులు తీరి కనిపిస్తాయి.

ఆ బస్సులలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బిడ్డలు ఉంటారు. అదే సమయంలో, కడుతున్న భవనాల పక్క రేకుల గుడిసెలలో నుంచి మరికొందరు పిల్లలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు నడిచి వెళ్తారు. వారి తల్లిదండ్రులు పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా, బీహారు రాష్ట్రాల నుంచో కూలికి వచ్చినవారు. ఈ రెండు తెగల తల్లిదండ్రులకూ ఉన్న ఆశ ఒక్కటే: తమ బిడ్డకు చదువు రావాలి. ఆ ఆశకు తొలిమెట్టు చదవడం. గణితమైనా, విజ్ఞానశాస్త్రమైనా, సాంఘికశాస్త్రమైనా చదవగలిగిన పిల్లవానికే అందుతాయి. అందువల్లనే ప్రాథమిక పాఠశాలలో మొదటి మూడు సంవత్సరాలను విద్యావేత్తలు చదవడం నేర్చుకొనే కాలమని, ఆ తరువాతి సంవత్సరాలను చదివి నేర్చుకొనే కాలమని అంటారు. మొదటి కాలంలో వెనుకబడినవానికి రెండవ కాలం ఎడారి అవుతుంది.

దాదాపు ప్రతి తరగతిలోనూ అటువంటివాడు ఒక్కడైనా ఉంటాడు. కథ చెప్పితే కన్నార్పకుండా వింటాడు. అడిగిన ప్రశ్నకు నోటితో చక్కని సమాధానం చెప్తాడు. బొమ్మలు వేస్తాడు, ఆటలో ముందుంటాడు. వాచకం చేతికిస్తే మాత్రం నోరు పెగలదు. నిన్న చదివిన మాటనే ఈనాడు కొత్తగా చూస్తాడు. ఇంటివారు వానిని సోమరి అంటారు. బడివారు శ్రద్ధ లేదంటారు. తోటివారు మొద్దు అంటారు. ఈ మూడు మాటలూ నిజం కాకపోవచ్చునన్న అనుమానం ఎవరికీ రాదు. వచ్చేనాటికి నాలుగైదు సంవత్సరాలు గడిచిపోతాయి. అప్పటికి ఆ బాలుడు తాను మొద్దుననే నమ్మకానికి తానే వస్తాడు. చదువు రాకపోవడం కన్న ఈ నమ్మకం చేసే హాని పెద్దది.

మాట్లాడడానికీ చదవడానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మాట పుట్టుకతోనే మానవునికి అబ్బే గుణం. చుట్టుపక్కలవారి పలుకులు వింటూ శిశువు ఎవరూ పాఠం చెప్పకుండానే మాట్లాడుతాడు. చదువు అట్లా రాదు. లిపి మనుష్యుడు కల్పించుకొన్నది. దాని వయస్సు కొన్ని వేల సంవత్సరాలే. చూపు కోసం, మాట కోసం ఏర్పడిన మెదడులోని భాగాలను కలిపి ప్రతి శిశువూ చదవడానికి ఒక కొత్త దారి వేసుకోవాలి. కంటికి కనిపించిన గుర్తును చెవికి వినిపించే ధ్వనితో ముడివేయాలి. ఆ ముడి చూసీచూడగానే విడిపోయేంత సులువు కావాలి. కొందరు పిల్లలలో ఈ ముడి పడడం పుట్టుక నుంచే కష్టమవుతుంది. దీనినే డిస్లెక్సియా అంటారు. కంటిచూపు, వినికిడి, బుద్ధిబలం సరిగానే ఉండి, తగిన బోధన అందినా చదవడం, వర్ణక్రమం తప్పకుండా రాయడం కష్టమయ్యే స్థితి ఇది. ఇది తరచుగా వంశంలో కనిపిస్తుంది. లెక్కించే పద్ధతిని బట్టి అంచనాలు మారుతున్నా, నూటికి ఐదు నుంచి పదిమంది వరకు పిల్లలలో ఇది ఉంటుందని నిపుణులు సాధారణంగా చెప్తారు. అంటే నలభైమంది ఉన్న తరగతిలో ఇద్దరు ముగ్గురైనా ఉండవచ్చును.

ఈ స్థితిని వైద్యులు గుర్తించి నూటపాతిక సంవత్సరాలు దాటింది. జర్మనీ వైద్యుడు అడాల్ఫ్ కుస్మౌల్ 1877లో ‘పదాంధత్వం’ అనే అర్థమిచ్చే మాటను వాడాడు. 1887లో రుడాల్ఫ్ బెర్లిన్ అనే నేత్రవైద్యుడు ‘డిస్లెక్సియా’ అనే పేరు పెట్టాడు. వీరిద్దరూ ముఖ్యంగా పరిశీలించినది మెదడుకు దెబ్బ తగిలో, జబ్బు చేసో చదువు కోల్పోయిన పెద్దవారిని. పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉండవచ్చునని 1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ ఒక వైద్య పత్రికలో వివరించాడు. ఆయన పరీక్షించిన పద్నాలుగేళ్ల పెర్సీ తెలివైనవాడు, లెక్కలు చేయగలవాడు. తన పేరును కూడా అక్షరాలు తారుమారు చేసి రాసేవాడు. స్కాట్లండు వైద్యుడు జేమ్స్ హిన్షెల్‌వుడ్ 1917లో ఈ విషయమై ఒక గ్రంథం ప్రకటించి, ఇటువంటి పిల్లలకు విడిగా, ఓపికగా బోధిస్తే చదువు వస్తుందని వాదించాడు. వందేళ్ల కిందట చెప్పిన ఆ మాట నేటికీ అనేక తరగతి గదుల గడప దాటలేదు.

మన దేశంలో సామాన్య ప్రజలకు ఈ పేరు పరిచయం చేసినది ఒక చలనచిత్రం. 2007లో విడుదలైన ‘తారే జమీన్ పర్’ అనే హిందీ చిత్రంలో చదవలేక శిక్షలపాలయ్యే ఎనిమిదేళ్ల బాలుడు, అతని ఇబ్బందిని గుర్తించిన చిత్రలేఖన ఉపాధ్యాయుడు ప్రధాన పాత్రలు. ఆ చిత్రం ఎందరో తల్లిదండ్రుల కళ్లు తెరిపించింది. దానితోపాటు ఒక అపోహ కూడా వ్యాపించింది. చదవలేని ప్రతి బిడ్డలోనూ ఒక మహాకళాకారుడు దాగి ఉంటాడని చాలామంది తలచారు. ఏ ప్రత్యేక ప్రతిభా లేని సాధారణ బాలునికి కూడా చదవడం నేర్చుకొనే హక్కు ఉన్నది. సాయం పొందడానికి అతడు మరొక విద్యలో బహుమానం గెలిచి చూపనక్కరలేదు.

ఈ ఇబ్బంది ఏ ఒక్క భాషకో పరిమితం కాదు. ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్ భాషలు మాట్లాడే డిస్లెక్సియా గలవారిని పోల్చి 2001లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ముగ్గురి మెదడులోనూ తేడా ఒకే తావున కనిపించింది. అయితే రాసినట్లే పలికే ఇటాలియన్ భాషలో చదివేవారు తక్కువ తప్పులు చేశారు. అంటే జబ్బ ఒకటే, బరువు మాత్రం లిపిని బట్టి మారుతుంది. ఇంగ్లీషులో ‘బట్’, ‘పుట్’ అనే మాటలకు నడుమ ఉన్నది ‘యు’ అక్షరమే. రెంటిలోనూ పలుకు వేరు. ఇటువంటి భాషలో పసివాడు అడుగడుగునా తడబడుతాడు. తెలుగు అట్లా కాదు. రాసినది రాసినట్లే పలుకుతాము. కాబట్టి తెలుగు పిల్లలకు ఈ బాధ ఉండదని కొందరు అనుకొంటారు. అది తొందరపాటు.

తెలుగు లిపిలో పలుకు నిలకడగా ఉన్నా గుర్తుల సంఖ్య చాలా ఎక్కువ. అచ్చులు, హల్లులు నేర్చినంతమాత్రాన పని తీరదు. ఒక్క క-గుణింతంలోనే 16 రూపాలు. ప్రతి హల్లుకూ అన్ని రూపాలు రావాలి. వాటిపైన ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు. తలకట్టు, గుడి, కొమ్ము ఒకటి పైన, ఒకటి పక్కన; వత్తు కింద. పలికే వరుస ఒకటి, కంటికి కనిపించే అమరిక మరొకటి. తెలుగుకు తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు నేర్చుకొనే తీరును పరిశీలించి సోనాలీ నాగ్ 2007లో ఒక వ్యాసం ప్రకటించారు. ఇంగ్లీషు అక్షరాలను పిల్లలు మొదటి సంవత్సరాలలోనే ముగిస్తుండగా, కన్నడ అక్షరాలన్నిటి మీద పట్టు రావడానికి ప్రాథమిక తరగతులు చాలావరకు పడుతున్నాయని అందులో తేలింది. తెలుగు విషయంలోనూ ఇటువంటి ఓపికే అవసరమని ఊహించవచ్చును. సాధారణ బాలునికే ఇంత కాలం పట్టే పని, డిస్లెక్సియా ఉన్న బాలునికి ఎంత బరువో చెప్పనక్కరలేదు.

తెలుగులో ఈ ఇబ్బంది కనిపించే తీరు తెలిస్తే ఉపాధ్యాయుడు దానిని తొందరగా పసిగట్టగలడు. ‘వల’ను ‘పల’ అని చదవడం, ‘బండి’లో సున్న వదలి ‘బడి’ అనడం, ‘అక్క’లో వత్తు విడిచి ‘అక’ అనడం, ‘పాలు’కు దీర్ఘం మింగి ‘పలు’ అనడం ఒకటో తరగతిలో అందరూ చేసే పొరపాట్లే. ఏడాది గడిచినా అవే తప్పులు అదే తీరున నిలిచిపోతే ఆలోచించాలి. గుర్రం బొమ్మ చూసి, కింది మాటలోని అక్షరాల వైపు చూడకుండా ఊహతో పలికే బాలుడు చదవడం లేదు, చదివినట్లు నటించి బయటపడుతున్నాడు. పాఠం కంఠస్థం చేసి అప్పగించే బాలునికి అదే పాఠంలోని మాటను వేరే చోట రాసి చూపితే గుటకలు మింగుతాడు. మరికొందరు తప్పు లేకుండా చదువుతారు గాని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని చదువుతారు. వాక్యం చివరకు వచ్చేసరికి మొదలు మరచిపోతారు. తెలుగులో ఇటువంటి నిదాన పఠనమే ముఖ్య లక్షణమై, తప్పులు లేవు కదా అన్న భ్రమలో ఎవరి కంటా పడకుండా పోయే అవకాశం ఉన్నది.

అక్షరాలు దిద్దకముందే కనిపించే సూచనలు కూడా కొన్ని ఉన్నాయి. ‘చిలక, పలక, మొలక’ అనే మాటలలో ఒకే చివర ఉన్నదని ఐదేళ్ల పిల్లలు చాలామంది నవ్వుతూ పట్టుకొంటారు. ‘కమల’ అనే మాటలో మొదటి అక్షరం తీసివేస్తే ఏమి మిగులుతుందని అడిగితే కొద్దిపాటి అలవాటుతో ‘మల’ అని చెప్తారు. ఇటువంటి ధ్వనుల ఆటలో మళ్లీమళ్లీ చిక్కుపడే బిడ్డ, మాటలు ఆలస్యంగా వచ్చిన బిడ్డ, ఇంట్లో మరెవరికో చదవడం కష్టమైన చరిత్ర ఉన్న బిడ్డ, ఈ ముగ్గురిపై ఉపాధ్యాయుడు ఒక కన్ను వేసి ఉంచాలి. దీనికి యంత్రాలు, వైద్యాలయాలు అవసరం లేదు. ఒక్కొక్క బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని పది నిమిషాలు చదివించి, విన్నది ఒక కాగితం మీద గుర్తు పెట్టుకొంటే చాలు. సంవత్సరానికి మూడుసార్లు ఇట్లా చేయగలిగితే తరగతి మొత్తం ఉపాధ్యాయుని కళ్లకు కట్టినట్లుంటుంది. దీనినే ప్రాథమిక గుర్తింపు అంటారు. ఇది రోగనిర్ణయం కాదు. జల్లెడ పట్టడం వంటిది. జల్లెడలో నిలిచినవారందరికీ డిస్లెక్సియా ఉన్నట్లు తీర్మానించకూడదు.

ఈ జాగ్రత్త బాచుపల్లి వంటి చోట మరీ అవసరం. ఇక్కడ చదవలేని పిల్లలు అనేక విధాలవారు. నిర్మాణపు పనులను బట్టి ఏడాదికి రెండు ఊళ్లు మారే కూలివారి బిడ్డకు చదవడం రాకపోవడానికి కారణం బడి నిలకడగా అందకపోవడమే కావచ్చును. ఇంట్లో ఒడియా, వీధిలో హిందీ, బడిలో తెలుగు వినే పాపకు మాటే తెలియకుండా అక్షరం నేర్పితే అది మనసుకు పట్టదు. 2022–23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఇంటిలో ఇంగ్లీషు వినని బిడ్డ అందులో నిదానించడం సహజం. పెద్ద భవనంలో ఉండే మరో బిడ్డకు ఖరీదైన బడి, ఇంటివద్ద ట్యూషన్, పుస్తకాలు అన్నీ ఉండి కూడా చదవడం రాదు. ఈ పిల్లలందరూ చదవలేకపోవడంలో సమానులే. కారణాలు మాత్రం వేరు. వారిని వేరుచేసి చూపగల ఉత్తమ పరీక్ష మంచి బోధనే. రెండు మూడు నెలలు పద్ధతి ప్రకారం అదనపు సాయం అందిస్తే, బోధన అందక వెనుకబడినవారు గబగబా ముందుకు వస్తారు. అప్పటికీ కదలని బిడ్డను నిపుణులకు చూపించాలి.

బోధన అందకపోవడం అనే సమస్య ఎంత పెద్దదో ‘అసర్’ నివేదికలు చెప్తున్నాయి. దేశంలోని గ్రామీణ ప్రాంతాలలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరిశీలించే ఈ నివేదిక 2005లో మొదలయింది. 2024 నివేదిక ప్రకారం ప్రభుత్వ పాఠశాలలలో మూడవ తరగతి చదివే పిల్లలలో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో ఇది 16.3 శాతం. పెరిగినందుకు సంతోషించవలసినదే. అయినా ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు. ఇంతమంది నడుమ డిస్లెక్సియా ఉన్న ఇద్దరు ముగ్గురు ఎవరి కంటా పడరు. అడవిలో ఒక చెట్టు ఎండితే ఎవరికి తెలుస్తుంది? అందుచేత అందరికీ తొలి చదువు బాగుపరచడమూ, కొందరిని ప్రత్యేకంగా గుర్తించడమూ ఒకే పనిలోని రెండు భాగాలు. మూడవ తరగతి ముగిసేనాటికి ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలన్న లక్ష్యంతో 2021లో కేంద్ర ప్రభుత్వం ‘నిపుణ్ భారత్’ ప్రారంభించింది. 2022లో తెలంగాణలో ‘తొలిమెట్టు’ కార్యక్రమం అదే ఉద్దేశంతో మొదలయింది.

చట్టం కూడా ఈ పిల్లలను విస్మరించలేదు. 2016లో ఆమోదం పొందిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు కూడా ఉన్నాయి. డిస్లెక్సియా వాటిలో ఒకటి. ఇటువంటి ఇబ్బందులను విద్యాసంస్థలు వీలైనంత త్వరగా కనిపెట్టి, తగిన బోధనా చర్యలు తీసుకోవాలని ఆ చట్టం చెప్తున్నది. 2018 జనవరిలో వెలువడిన మార్గదర్శకాలు, మూడవ తరగతిలో గానీ ఎనిమిదవ ఏట గానీ, ఏది ముందైతే అప్పుడు ఉపాధ్యాయులు పరిశీలన జరపాలని, ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండినవారికే ఇవ్వాలని నిర్దేశించాయి. అంతకంటె చిన్న వయస్సులో ఖాయంగా చెప్పడం కష్టం కనుక ఈ నియమంలో వివేకమే ఉన్నది.

అయితే ఆచరణలో ఈ నియమం ఒక దురర్థానికి తావిచ్చింది. ఎనిమిదేళ్ల వరకు ఆగవచ్చునని, అప్పుడు కాగితం వస్తే చూడవచ్చునని బడులు, ఇంటివారు అనుకొంటున్నారు. చేతికి ధ్రువపత్రం వచ్చేసరికి రెండు మూడు విలువైన సంవత్సరాలు గడిచిపోతాయి. జ్వరం కారణం తేలే వరకు బిడ్డ నుదుట తడిగుడ్డ వేయని తల్లి ఉండదు. ఐదారేళ్ల వయస్సులో తడబడుతున్న బిడ్డకు రోజూ ఇరవై నిమిషాలు అదనంగా చెప్పడానికి ఏ ధ్రువపత్రమూ అక్కరలేదు. ధ్రువపత్రం పరీక్షలలో వెసులుబాటుకు కావాలి; సాయానికి కావలసినది గమనించే ఉపాధ్యాయుడు. పేరు పెట్టడం ఆలస్యం కావచ్చును. చేయి అందించడం ఆలస్యం కారాదు.

నిపుణుల సలహా కోరే బాచుపల్లివారికి దూరం కూడా ఎక్కువ కాదు. సికింద్రాబాదు బోయిన్‌పల్లిలోని మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం గలవారి సాధికారత కోసం 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉన్నది. సాధారణ పాఠశాలలో వెనుకబడిన బిడ్డ నిజానికి ఏ తరగతి స్థాయిలో ఉన్నాడో ఉపాధ్యాయులే కనిపెట్టడానికి వీలైన సాధనాన్ని ఆ సంస్థలో జయంతి నారాయణ్ రూపొందించగా 1997లో ప్రకటించారు. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషలలో డిస్లెక్సియాను గుర్తించే పరీక్షలను తయారుచేసింది. 2022లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ‘ప్రశస్త్’ అనే అనువర్తనాన్ని విడుదల చేసింది. సెల్‌ఫోనులో దానిని తెరిచి ఉపాధ్యాయులు తమ తరగతి పిల్లలను ప్రాథమికంగా పరిశీలించవచ్చును. సాధనాలు లేవన్న మాట ఇక చెల్లదు. వాటిని వాడిన తరువాత ఆ బిడ్డకు ఏమి చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఆ చేయవలసిన పని కొత్తదేమీ కాదు. ధ్వనులను విడదీయడం, కలపడం ఆటగా నేర్పాలి. అక్షరాలను ఒక్కసారిగా కుమ్మరించక, కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా, నేర్చినవి మళ్లీమళ్లీ తలచుకొంటూ చెప్పాలి. ‘వ’, ‘ప’ వంటి పోలిక గల అక్షరాలను ఒకేనాడు చెప్పకూడదు. చదివిన అక్షరాన్ని నోట పలుకుతూ, చెవితో వింటూ, వేలితో దిద్దాలి. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ రూపొందించి 1930ల నుంచి వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతికి ఇదే మూలం. తెలుగునాట పాతకాలపు వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవారు. గుణింతాలను రాగం తీసి వల్లించేవారు. కన్ను, చెవి, నోరు, వేలు నాలుగూ ఒకే పనిలో కలిసేవి. ఆ బడిలోనే కోదండం, గోడకుర్చీ వంటి శిక్షలు కూడా ఉండేవి. ఇసుకను విడిచిపెట్టి బెత్తాన్ని మాత్రం చాలాకాలం దాచుకోవడం విచారకరం. 2009 నాటి విద్యాహక్కు చట్టం బెత్తాన్ని నిషేధించింది. ఇసుకను తిరిగి తెచ్చుకోవడం ఉపాధ్యాయుల చేతిలో ఉన్నది.

పంచతంత్ర కథకు మూలమైన సన్నివేశం తెలుగువారికి చిరపరిచితం. రాజు తన కొడుకులకు చదువు అబ్బలేదని దుఃఖించగా, విష్ణుశర్మ వారిని ఆరు నెలలలో నీతిశాస్త్రవేత్తలను చేస్తానని మాట ఇస్తాడు. ఆయన రాకుమారులను దండించలేదు, మందబుద్ధులని ముద్ర వేయలేదు. బోధించే తీరును మార్చాడు. శాస్త్రాన్ని కథగా చెప్పాడు. శిష్యుడు నేర్వలేకపోయినప్పుడు గురువు తన పద్ధతిని పరీక్షించుకోవాలన్న సూత్రం ఆ కథలో ఉన్నది. చిన్నయసూరి నీతిచంద్రికను తరతరాలుగా పాఠ్యపుస్తకంగా చదివిన జాతి ఈ సూత్రాన్ని పసిపిల్లల బడిలో అమలు చేయకపోతే ఆ చదువుకు సార్థకత లేదు.

కొందరికి దీనిపై అభ్యంతరాలున్నాయి. బిడ్డకు ఒక పేరు తగిలిస్తే అది జీవితాంతం వెంటాడుతుందని తల్లిదండ్రుల భయం. ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో ఈ భయం ఎక్కువ. అది అకారణమైన భయం కాదు. అయితే పేరు లేకుండా ఉన్నంతమాత్రాన బిడ్డ మచ్చ లేకుండా ఉండడం లేదు. ‘సోమరి’, ‘మొద్దు’ అనే పేర్లు అప్పటికే అంటుకొని ఉన్నాయి. వాటికంటె ‘నీకు చదవడం కొంచెం కష్టం, దానికొక దారి ఉన్నది’ అన్న నిజం వేయిరెట్లు మేలు. ఇక ఉపాధ్యాయులకున్న అభ్యంతరం పనిభారం. ఒక్కరే రెండు మూడు తరగతులు చూసే బడిలో విడిగా బోధించడం కష్టమే. ఆ కష్టాన్ని ఉపాధ్యాయుని దయాగుణానికి వదిలివేయకుండా, దినచర్యలో ఒక గంటను, మండలానికి తగినంతమంది ప్రత్యేక ఉపాధ్యాయులను సమకూర్చడం ప్రభుత్వ బాధ్యత. ప్రైవేటు బడులు కూడా ఫలితాల పట్టికలో అందంగా కనిపించని బిడ్డను మరో బడికి పంపించే అలవాటు ఎక్కడ ఉన్నా మానుకోవాలి.

పైన పేర్కొన్న చట్టంలోనే మరొక వెసులుబాటు ఉన్నది. అవసరమైన విద్యార్థులకు పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునని అది పేర్కొన్నది. ఇది న్యాయమైన నియమం. కాని కొంచెం ఆలోచిస్తే అందులో ఒక విషాదం కూడా తోస్తుంది. ఐదవ ఏట అందవలసిన సాయం అందక, పదహారవ ఏట ఒక భాషనే వదులుకోవలసి వచ్చిన విద్యార్థికి మార్కులు దక్కుతాయి. ఆ భాషలోని కథలు, పద్యాలు, తాతముత్తాతల మాటలు దూరమవుతాయి. మినహాయింపు చివరి ఊరట మాత్రమే. అది అవసరం కాకుండా చూడడమే ప్రాథమిక పాఠశాల సాధించవలసిన విజయం.

ద్వితీయ భాషగా తెలుగు చదివే యువతీయువకులలో రేపటి ఉపాధ్యాయులున్నారు, వైద్యులున్నారు, అధికారులున్నారు. అందరిలోనూ రేపటి తల్లిదండ్రులున్నారు. వారి ఇంటిలోనో, తరగతిలోనో, ఒక పసివాడు పుస్తకం తెరిచి మౌనంగా కూర్చొనే రోజు వస్తుంది. ఆ మౌనాన్ని మొండితనంగా భావించి కసరడం సులువు. పక్కన కూర్చొని ‘ఏ అక్షరం దగ్గర ఆగిపోయావు నాయనా?’ అని అడగడానికి కొంత తెలివిడి, కొంత ఓపిక కావాలి. బాచుపల్లిలో కడుతున్న ప్రతి అంతస్తుకూ పునాదిని పరీక్షించే ఇంజనీరు ఉంటాడు. చదువు అనే భవనానికి ఆ ఇంజనీరు ఒకటవ తరగతి ఉపాధ్యాయుడే.